రూత్ అనే మాట

"మేడమ్, రూత్‌లెస్ అంటే దయ లేనోడు గదా. మరి రూత్ అంటే దయనా?"

అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో వెనక బెంచీ నుంచి సురేందర్ అడిగాడు.

"అలాంటి మాటే లేదండీ. ఇంగ్లిష్ మనమే తయారుచేసేస్తే ఎలా?" అంది రాగసుధ.

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. అతను మాత్రం తలవంచుకుని పుస్తకం మూశాడు.

సురేందర్ సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ కోసం మూడు నెలలుగా ఒక్కరోజూ మానకుండా వస్తున్నాడు. క్లాసయ్యాక ఇద్దరూ మెట్రో స్టేషన్ దాకా కబుర్లాడుకుంటూ నడుస్తారు. ఆ పది నిమిషాల కోసం ఆమె రోజంతా ఎదురుచూస్తుందని అతనికి తెలియదు.

ఆ రోజు అతను ఆగకుండా వెళ్లిపోయాడు.

పంజాగుట్ట హాస్టల్‌కు చేరాక రాగసుధ పెద్ద డిక్షనరీ తెరిచింది. రూత్ ఉంది! ఎదుటివారి బాధకు మన గుండె నొచ్చుకోవడమట. దుఃఖపడటమనే అర్థమున్న 'రూ' అనే మాట నుంచి పుట్టిందట. రానురాను జనం ఆ మాటను వదిలేశారు. అది లేనివాణ్ని గురించి చెప్పే రూత్‌లెస్ మాత్రమే వాడుకలో మిగిలింది.

ఆమెకు అన్నం సహించలేదు.

నాలుగు రోజులైనా సురేందర్ రాలేదు. అయిదో రోజు రాగసుధ ఆ మాటను బోర్డు మీద రాసి, "తప్పు నాదే" అని క్లాసులో ఒప్పుకుంది. వినాల్సినవాడు లేడు. అతను పనిచేసే షెడ్డు వెతుక్కుంటూ వానలోనే సనత్‌నగర్ వెళ్లింది.

షెడ్డు గుమ్మంలో ఆమెను చూసి సురేందర్ మిషన్ ఆపాడు.

"గింత వానల ఎందుకొచ్చిన్రు మేడమ్?"

"మీరన్నదే నిజం. ఆ మాట ఉంది. నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చాను. క్షమించండి. సోమవారం ఇంటర్వ్యూకి వెళ్తున్నారుగా?"

"పోను. ఆడ సుత నవ్వుతరు." చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకున్నాడు. "క్లాసోళ్ల ఫికర్ నాకు లేదు మేడమ్. మీరు నవ్విన్రు సూడు, గది తట్టుకోలేకపోయిన."

ఆమె కళ్లు నిండాయి.

"గిప్పుడు జాలిపడి వచ్చిన్రా?" అడిగాడు మెల్లగా.

"సారీ చెబుదామనే బయల్దేరాను. దారి పొడుగునా మాత్రం ఒకటే భయం. మీరిక రాకపోతే నేనేమైపోవాలని! ఇది జాలి కాదు సురేందర్ గారూ. మీరంటే నాకు ప్రాణం."

రేకుల మీద వాన హోరుమంటోంది. అతను స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాడు.

"సోమవారం పోత," అన్నాడు. "మీరు సుత రావాలె."

సోమవారం ఆమె సెలవు పెట్టి కంపెనీ గేటు బయట నిలబడింది. రెండు గంటల తర్వాత అతను ఇంటర్వ్యూ ముగించుకుని బయటికి వచ్చాడు.

"ఉద్యోగం సంగతి రేపు చెప్తరంట. మీ నాయినతోని మాట్లాడనీకి తెలుగు చాలుతది గదా, రాగసుధా?"

"చాలు," అందామె అతని చేయి పట్టుకుని. "మా నాన్నగారికి ఇంగ్లిష్ రాదు."