కరెంటు లేకుండా ఆడిన సాంచాలు

సిరిసిల్లలో గంగారాం షెడ్డు పేరెత్తితే చాలు, మీసాలున్నవాళ్లు కూడా మాట మార్చేవారట. గంగారాం పోయి రెండేళ్లు. అయినా తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి, రాత్రి కాగానే ఆయన సాంచాలు — మనం మరమగ్గాలంటామే, అవి — వాటంతట అవే ఆడుతున్నాయని పుకారు. అదీ కరెంటు లేనప్పుడు!

సమ్మెతో బొగ్గు ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి, ఊళ్లో సాంచాలన్నీ నోరు మూసుకున్నాయి. "దెయ్యాలు గూడ సమ్మె జేస్తే ఎంత మంచిగుండు" అని జనం నవ్వేవారు — పగలు మాత్రమే.

నవ్వు రానిది రాజేశానికి. ఆ షెడ్డు కొత్తగా కిరాయికి పట్టింది అతనే. కరెంటుండే కాస్తసేపైనా సాంచాలు ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పనోళ్లు వెంకటి, సాయిలు మాత్రం గడప తొక్కేది లేదన్నారు.

"నువ్వొక్క రాత్రి లోపటికి పోయిరా అన్నా... బతికస్తే మేమస్తం" అన్నాడు వెంకటి, ఎంతో ప్రేమగా.

ఏం చేస్తాడు? పోయాడు.

సందు చివర చీకటి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల — టకటక... టకటక...

పోగు తెగితే పక్క సందులోంచే చెప్పగల చెవి రాజేశానిది. విన్నాడు. సాంచాలే. పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడే. కానీ — కాళ్ల కింద నేల అదరడం లేదు! సాంచా ఆడితే గోడమీది పటం కూడా వణకాలి. ఇక్కడ చప్పుడుంది... బరువు లేదు. బరువు లేనిది దెయ్యం కాక మరేమిటి?

వెనక్కి పోదామంటే పొయ్యి గుర్తొచ్చింది. తలుపు నెట్టాడు.

మూలన చిన్న నీలం వెలుగు. పక్కన చాప మీద తెల్లచీర...

"ఎవలు?" అంది చీర, గుసగుసగా.

గంగారాం భార్య మల్లవ్వ! నీలం వెలుగేమో, నెత్తిన ఫోను పెట్టుకున్న బ్యాటరీ స్పీకరు డబ్బాది.

"మా కోరుట్ల అల్లుడు దుబాయిల అగ్గువ ధరకు కొన్నడు కొడుకా. పాటలకని తెస్తే, సాంచాల సప్పుడు ఎక్కిచ్చుమన్న. నలభై ఏండ్లు గా సప్పుడులనే పండుకున్న. సాంచాలు బందైనకాంచి కన్ను మూతవడుతలేదు. ఇంట్ల పెడితే కోడలు తిడుతది."

రాజేశానికి భయం దిగి కోపమెక్కింది. ఇంత నాసి చప్పుడుకా తను భయపడింది!

"గిదేం స్పీకరవ్వా! టకటక తప్ప దబదబ లేనే లేదు. నాడె రేకుడబ్బల పడ్డట్టున్నది. ఉప్పులేని పులుసు లెక్క! దీనికి నిద్రెట్లస్తది?"

"కూసోని ఇను."

తప్పులు పట్టడానికే కూర్చున్నాడు. ఇంకాస్త బాగా వినాలని గోడకు ఆనుకున్నాడు. సమ్మె మొదలైననాటి నుంచి తనకూ కునుకు లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది...

పాపం పడుకున్నాడని, మల్లవ్వ డబ్బాను అతని తలకాడే ఆడనిచ్చి, తెల్లవారుజామున ఇంటికి పోయింది.

తెల్లారాక వెంకటి, సాయిలు కిటికీలోంచి తొంగిచూశారు. కరెంటు లేదు. సాంచాలు కదలడం లేదు. చప్పుడు మాత్రం ఆగడం లేదు. నేలమీద రాజేశం — వెల్లకిలా, నోరు తెరుచుకుని...

"రాజేశాన్ని దెయ్యం సంపింది!" అని సందంతా వినేలా అరుస్తూ పరుగందుకున్నారు. బస్సులు బందు. అయినా పొద్దుగూకేసరికి ఆ ఇద్దరూ జగిత్యాలలో ఉన్నారట.

ఇక్కడ వాళ్ల కేకలకు రాజేశం అప్పుడే లేచి, కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు. "నేను బతికే ఉన్ననయ్యా!" అని అరిచాడు.

సందులో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి.