ఎరుపు పొరలో మనిషి

చిల్లకల్లు దాటాక, మూతబడ్డ సున్నపురాయి క్వారీ ఒకటుంది. గుంట నిండా నీళ్ళు. రాత్రిపూట గట్టు మీద ఎవరో నిలబడి ఉంటారని, పిలిస్తే పలకరని దానికి చెడ్డపేరు. గొర్రెల కాపర్లు కూడా పొద్దు వాలకముందే మందను మళ్ళించుకుపోతారు.

నాతోపాటు నందిగామ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే క్రాంతికుమార్‌కి మాత్రం ఆ చీకటే కావాలి. నక్షత్రాల ఫొటోలు తీసే పిచ్చి అతనిది. ఈ కథ అతను చెప్పిందే. 

ఆకాశంలో వరసగా కనబడే మూడు గొల్లకావడి చుక్కల చుట్టూ ఎర్రని వాయుమేఘం ఉంటుంది. మామూలు రంగుల ఫొటోలో అది సరిగా పడదు. అందుకని ఒక రాత్రి రంగుల్లో తీశాడు. మర్నాటి రాత్రి, ఆ ఒక్క ఎరుపునే లోపలికి రానిచ్చే ఫిల్టరు పెట్టి, అదే చోట మళ్ళీ తీశాడు. రెండూ కలిపితే మేఘం వెలుగుతుంది.

ఇంట్లో కంప్యూటర్‌లో కలిపాడు. మేఘం వెలిగింది. కింద, గట్టు మీద... ఎర్రగా, మసగ్గా — ఒక ఆడమనిషి!

ముందు రాత్రి తీసిన రంగుల ఫొటో చూశాడు. గట్టు ఖాళీ. ఫిల్టరుతో తీసిన ఎరుపు పొర ఒక్కటే తెరిచాడు — ఉంది. నీళ్ళకేసి తిరిగి నిలబడి ఉంది.

దెయ్యాల్లేవని క్లాసులో గొంతు చించుకునే మనిషికి ముచ్చెమటలు పోశాయి. చెరిపేద్దామని మౌస్ పట్టుకుని... ఆగిపోయాడు.

ఆ పొర ఒక్క ఫొటో కాదు, ఎన్నో ఫొటోల కలయిక. ఎగిరే పిట్ట, పోయే విమానం అందులో మిగలవు. కదలకుండా చాలాసేపు ఉన్నదే మిగులుతుంది. అంటే... తాను ఆకాశం చూస్తూ కూర్చున్నంతసేపూ, నీళ్ళ అంచున, నిజంగా ఎవరో నిలబడ్డారు. దెయ్యం భయం పోయి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

తెల్లారగానే చిల్లకల్లు పరిగెత్తాడు. క్వారీ మలుపులో లూర్దమ్మ టీకొట్టు. ఊళ్ళో ఎవరైనా కనపడకుండా పోయారా అని అడుగుతూ ఫోన్లో ఫొటో చూపించాడు.

ఆమె చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

“అది నేనేనండి సారూ,” అంది మెల్లగా. “మా ఆయన పోయాక పెట్టిన జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక అయిపోయి, చుట్టాలంతా వెళ్ళిపోయారు. బతకబుద్ధి కాలా... దూకుదామనే వచ్చా. అవతల చీకట్లో ఎర్రకన్ను కదిలింది. దెయ్యమనుకుని కాళ్ళూ చేతులూ ఆడలా. చావటానికొచ్చినదానికి దెయ్యమంటే భయమేంటో!”

నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

ఆ ఎర్రకన్ను క్రాంతికుమార్ తలకు కట్టుకున్న లైటు. తెల్ల వెలుగైతే కళ్ళకు చీకటి అలవాటు పోతుందని ఎర్రది పెట్టుకుంటాడు. ఆ వెలుగులోనే ఆమె ఫొటోలో పడింది.

“నేనేనండి అది,” అన్నాడు.

లూర్దమ్మ అతని మొహంలోకి చూసింది. గ్లాసులు కడుగుతూ గుసగుసగా అడిగింది.

“ఇవాళ రాత్రి కూడా వస్తారా?”

ఎందుకడుగుతోందో అతనికి అర్థమైంది.

“లేదు... మీరే రండి. కొట్టు కట్టెయ్యండి, మా ఇంటికి పోదాం. మా ఆవిడ సూసన్ ఉంది.”

 పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా, ఆమె చూస్తూ నిలబడింది.

పొయ్యి అతనే ఆర్పాడు.