అణియానికి గుడ్డ కట్టని పడవ

ఇచ్చేవాళ్ళు ముందుగా అడగకపోతే పుచ్చుకునేవాళ్ళు నిజం చెబుతారా? ప్రమోత్‌ను పదేళ్ళుగా తొలుస్తున్న సందేహం ఇది. రోజూ బుద్ధుడి ముందు అగరొత్తి వెలిగించేటప్పుడు కూడా వదలదు. పోలీసు ఉద్యోగం మానేశాక అతను దాతలకు సలహాదారు. ఎవరికి ఇవ్వాలి, ఇచ్చింది ఏమైంది, చూసి చెప్పడం అతని పని.

ఈ బుధవారం చూడాల్సింది ఒక ఖాళీ షెడ్డు.

మేడం రంఫై మూడేళ్ళ కిందట దానమిచ్చిన తెల్లటి మోటారు పడవ ఆదివారం ఇక్కడే ఉంది. ఇప్పుడు లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

మధ్యాహ్నం 2.10. మేక్లాంగ్ కాలువలో ఆటు. బయటంతా బురద. పోటు వచ్చేది నాలుగున్నరకి. అప్పటిదాకా ఆ రేకుల షెడ్డులోంచి ఎవరూ కదలలేరు. పోటు రాగానే చలావ్ అనే పెద్దావిడను ఇన్‌స్పెక్టర్ కమోన్ స్టేషన్‌కి తీసుకెళ్తాడు. ఆ కాలువ ఊళ్ళలోని రోగుల్ని ఆసుపత్రికి చేర్చే చిన్న సంస్థ ఆమెది. ఆమె వెళ్తే అదీ మూతపడుతుంది.

“తాళంచెవులు ఎన్ని, పెద్దమ్మా?” ప్రమోత్ ఆమెను అడిగాడు.

“రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి మేడం గారి దగ్గర.”

“నాది బ్యాగులోనే ఉంది. ఈవిడే అమ్ముకు తినేసింది,” అంది రంఫై. “కంప్లైంట్ రాయండి ఇన్‌స్పెక్టర్ గారూ, సంతకం పెడతాను.”

“పడవ ఎవరికిచ్చారు?” అడిగాడు ప్రమోత్.

“చెబితే జైలు. చెప్పకపోయినా జైలే. అమ్మకూడదు, మార్చకూడదు, తిరిగి ఇవ్వకూడదు అని ఒప్పందంలో రాసుంది కద నాయనా. ఎటు తిరగమంటావు?”

ఆ ఒప్పందం రాసింది ప్రమోతే.

రంఫై ఫోన్లోని ఫోటోలు చూశాడు. మూడేళ్ళలో పదకొండు. కిటికీలోంచి రేవు చూశాడు. మళ్ళీ ఫోటోలు చూశాడు.

3.40.

“ఇన్‌స్పెక్టర్ గారూ, మీ పడవ అణియానికి, ఆ ముందు కొనకి, ఏం కట్టారు?”

“మూడు రంగుల గుడ్డ, పూలదండ. పడవను కాచే పడవతల్లికి కట్టకుండా ఎవడైనా నీళ్ళలోకి దిగుతాడా?”

“అయితే ఇవి చూడండి.”

పదకొండు ఫోటోలు. ముందు కొన బోడిగా ఉంది. ఒక్క నూలుపోగు లేదు. పక్కన బంగారు అక్షరాల్లో రంఫై పేరు.

“ఈ పడవ మీద ఒక్క రోగీ వెళ్ళలేదు. మేడం వచ్చినప్పుడు బయటికి లాగారు. ఫోటో అయ్యాక లోపల పెట్టారు. ఇక రేవులో చూడండి. మూడు చెక్క పడవలు. చెక్క ఇంకా పచ్చిగా ఉంది. మూడింటికీ గుడ్డలున్నాయి. ఎప్పుడొచ్చాయి పెద్దమ్మా?”

“నిన్న,” అంది చలావ్. “ఎగువన పడవలు చేసే అతనికి అదిచ్చి ఇవి తెచ్చాను. నేనేం తినలేదు.”

రంఫై గొంతు తగ్గింది. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పనమ్మా? అంత ప్రేమగా తెచ్చారు. మాది మోకాలి లోతు కాలువ, పైన గుర్రపుడెక్క. మోటారుకి చుట్టుకుపోతుంది. మిమ్మల్ని చిన్నబుచ్చడానికి నోరు రాలేదు. పోయిన నెల ఒక పిల్ల గట్టు మీదే కనింది. బిడ్డ దక్కలేదు. ఇక సిగ్గు చాలనుకున్నాను.” ఆమె ప్రమోత్ వైపు తిరిగింది. “పడవ రాకముందు ఒక్కసారి అడిగాను. మేడం గారిని కాదు. నీకు ఉత్తరం రాశాను.”

ప్రమోత్‌కు గుర్తొచ్చింది. నాలుగు వరుసలు. పెద్దదాని బదులు చిన్నవి మూడు ఇప్పించగలరా అని. దాత సంబరంలో ఉందని ఫైల్లో పెట్టేశాడు. జవాబు రాయలేదు.

4.20. షెడ్డు కింద నీళ్ళ చప్పుడు మొదలైంది.

అతను ఇన్‌స్పెక్టర్ చేతిలోని కంప్లైంట్ కాగితం లాక్కుని చలావ్ పేరుకు పైన తన పేరు రాశాడు.

“ఒప్పందం రాసింది నేను. ఉత్తరం దాచింది నేను. ఇప్పుడు పెట్టండి మేడం, సంతకం.”

రంఫై ఆ రెండు పేర్లూ చదివింది. కాగితం నిలువునా చించింది.

“ముందు ఆ ఒప్పందం మార్చి రాయండి,” అంది. “ఈసారి ఈవిడని అడిగి.”

ప్రమోత్ చలావ్ ఎదురుగా నేల మీద కూర్చుని చేతులు జోడించాడు.

“పెద్దమ్మా, మీ ఉత్తరానికి జవాబు. అలాగే. చిన్నవే, మూడు.”

“మూడేళ్ళు పట్టిందా నాయనా, పోస్టుకి?” అని ఆమె తిరిగి చేతులు జోడించింది.