రెండో గేరు దూరం

తొమ్మిదేళ్ళుగా నా మనసులో ఒక సందేహం ఉండిపోయింది. అబద్ధం చెప్పడం పాపమని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను. కానీ ఒక అబద్ధం వల్ల మేలే జరిగితే, ఆ మేలు రోజూ పొద్దున్నే లేచి మనకు టీ కూడా ఇస్తూ ఉంటే, ఆ అబద్ధాన్ని ఏమనాలి? ఐదు పూటలా నమాజు చేస్తాను. అయినా ఈ ఒక్క మాట దగ్గర నా మనసు ఏ గేరులోనూ పడకుండా న్యూట్రల్‌లోనే ఉండిపోయేది.

నా పేరు మన్సూర్. పదో తరగతి దాకా చదివాను. వేంపల్లెలో కడప రోడ్డు పక్కన నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. ఆ అబద్ధం చెప్పింది ఆ షెడ్డులోనే.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేదు. నెత్తిన 'ఎల్' బోర్డు పెట్టుకున్న పాత చిన్న కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగింది. పరాయి ఆడపిల్ల కనిపిస్తే చూపు దించుకోవాలని నేర్చుకున్నవాణ్ణి. దించుకున్నాను. దించితే ఆమె చేతిలో అట్టపెట్టె కనిపించింది. ఇంకో చేతిలో చెక్క స్కేలు ఉంది.

"భాయ్, ఇది బిగిస్తావా?" అంది.

పెట్టె తెరిచాను. లోపల మెరుస్తున్న గేరు రాడ్డు ఉంది. పొట్టిది. ఇలాంటిది ఫోనులో చూడటమే గానీ చేత్తో పట్టుకోవడం అదే మొదలు. రాడ్డు మధ్యలో బంతిలాంటి కీలు ఉంటుంది. పైన పొట్టిగా, కీలు కింద పొడుగ్గా చేస్తారు. పైన చెయ్యి కొంచెం కదిపితే చాలు, కింద గేరు కేబులును పూర్తిగా లాగుతుంది. పందేలకు పోయే కుర్రాళ్ళు వేయించుకుంటారు.

"ఏం మేడం, రేసుకు పోతాండారా?" అన్నాను.

"ఆ. పులివెందుల రోడ్డులో ఎద్దులబండ్లతో," అంది. నవ్వలేదు.

కారు పక్కన రాసిన స్కూల్ పేరు చదివితే అప్పుడు తెలిసింది. ఆమె టైలర్ పీరా సాబ్ కూతురు శిరీన్. కొత్తగా డ్రైవింగ్ స్కూల్ పెట్టిన ఆడపిల్ల అని ఊళ్ళో మాట్లాడుకుంటున్నది ఈమె గురించే.

"ఎన్ని గంటల పని?" అంది.

అది మహా అయితే రెండున్నర, మూడు గంటల పని. నోరు తెరిచి ఆ మాటే చెప్పబోయాను. అప్పుడు పొరపాటున చూపు ఎత్తాను.

"నాలుగు రోజులు," అన్నాను.

"నాలుగు రోజులా? పొద్దున నాకు క్లాసులు ఉంటాయి కదప్పా."

"రోజూ మూడింటికి తీసుకొని రండి. అయిదింటికి తీసకపోదురు. కొంచెం కొంచెంగా చేస్తా. శానా సున్నితమైన పని."

ఆమె నా వైపు ఒక క్షణం చూసింది. ఆ చూపులో ఏముందో తొమ్మిదేళ్ళ దాకా నాకు అర్థం కాలేదు.

"పెట్టెలో ఎట్ల బిగించాలో కాగితం ఉంటాది. ఉండాదా?" అని అడిగాను.

"లేదు," అంది.

అలా మొదలైంది.

మొదటి రోజు రెండు సీట్ల మధ్య గేరు రాడ్డు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ డబ్బా విప్పాను, దుమ్ము తుడిచాను, మళ్ళీ బిగించాను. రెండో రోజు మళ్ళీ విప్పాను. ఆమె పాత టైరు మీద కూర్చుని చూస్తోంది.

"ఇది నిన్న ఇప్పిన బోల్టే కదా భాయ్?"

"బోల్టు అదే మేడం. ఇప్పేది వేరే."

"ఓహో," అంది.

ఆమె స్కేలు అడిగి తీసుకుని కొలిచాను. మొదటి గేరు నుంచి రెండో గేరుకు రాడ్డు తల ఐదున్నర అంగుళాలు నడుస్తోంది. కొత్తది వేస్తే మూడుకు కొంచెం పైన నడుస్తుంది. ఆ సంగతి చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. రెండంగుళాలు తగ్గితే ఇంత సంతోషపడే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ప్రేమకథలో వాన ఉండాలంటారు. వేంపల్లెలో వాన కోసం కాచుకుంటే పెళ్ళి వయసు దాటిపోతుంది. మాకు హనుమేష్ ఉన్నాడు. కోసిగి నుంచి పనికోసం వచ్చి, నా షెడ్డు పక్కనే వాటర్ సర్వీస్ పెట్టుకున్నాడు. ట్రాక్టర్ కడుగుతూ పైపు పైకెత్తితే నీళ్ళు రేకుల మీదుగా దాటి, ఎండలో మెరుస్తూ, సన్నగా ఆమె మీద రాలాయి. ఆమె చున్నీ తల మీదికి లాక్కుంది. నేను స్పానర్ కింద పడేసుకున్నాను.

"అన్నా, తడిసిరా?" అని రేకుల అవతల నుంచి కేక వేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి చెవిలో, "రెండు దినాలుగా ఒకటే బోల్టు తిప్పుతాండావు. తల అరిగిపోతాది. ఈ పనికి దుడ్లు నువ్వు తీసుకుంటావా, ఆయమ్మికే ఇస్తావా?" అన్నాడు.

"పని చూసుకోప్పా," అన్నాను.

"నేను చూస్తాండేది పనే. నువ్వు చూసేదే ఏందో తెలీలేదు."

సాయంత్రం పూట అసర్ నమాజుకు పోయినప్పుడు తల నేలకు ఆనించి, 'దేవా, నేను చెప్పిన అబద్ధాన్ని క్షమించు' అని అడిగాను. అడిగానే గానీ ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు. అలాంటి క్షమాపణ చెల్లుతుందా? అదీ ఒక సందేహమే.

మూడో రోజు ఇక బిగించక తప్పలేదు. పాత రాడ్డు తీసి, కీలుకు గ్రీజు పూసి, కొత్తది కూర్చోబెట్టి, కేబుళ్ళు తగిలించాను. ఆ రాడ్డుకు పైన చిన్న వంపు ఉంది. ఆ వంపు ఏ పక్కకు ఉండాలో చెప్పే కాగితం లేదు. ఎడమకు ఉంటే అందంగా ఉంటుందనిపించింది.

"రండి మేడం, ట్రయల్ చూస్తాం," అన్నాను గర్వంగా.

డ్రైవింగ్ నేర్పేవాళ్ళకు ఎడమ పక్క సీటు, అక్కడ కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి. ఆమె అందులో కూర్చుంది. కూర్చుని, చెక్క స్కేలును తన కుడి మోకాలి పక్కన గోడలాగా నిలబెట్టి పట్టుకుంది. ఎందుకో అనుకున్నాను. బండి కదిలించాను. మొదటి గేరు. బాగా పడింది. రెండో గేరు లాగాను.

టక్.

నా వేలి కణుపులు స్కేలుకు తగిలాయి.

ఆమె తన వైపు బ్రేకు తొక్కింది. బండి ఆగింది. ఆమె అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తోంది. కొంతసేపటికి గానీ కళ్ళు తుడుచుకుంటోందని నాకు తెలియలేదు.

"ఏమైంది మేడం?"

"పాత రాడ్డే మేలు. అది మోకాలి దాకా వచ్చి ఆగుతాండె. నీది ఇంకా ముందుకొచ్చె."

అప్పుడు చెప్పింది. నేర్చుకునేవాళ్ళు రెండో గేరు వేసినప్పుడల్లా చెయ్యి ఆమె మోకాలికి తగులుతుంది. "సగం మందికి తెలీకుండా తగులుతాది. సగం మంది తెలిసే తగిలిస్తారు. ఎవురు ఏ సగమో నేను యాడ తేల్చేది? అందుకే మా నాయన స్కేలు అడ్డం పెట్టుకుంటాండా. ఎవుడో పోయి మా నాయన షాపులో నవ్వుతా చెప్పినాడంట. ఈ నెలాఖరులోగా ఈ ఇబ్బంది తీరకపోతే స్కూల్ బోర్డు దించెయ్యమన్నాడు నాయన. నెలాఖరు ఎల్లుండి."

నేను రేసు అని ఎగతాళి చేసిన మాట గుర్తొచ్చింది. రెండు రోజులు ఊరికే బోల్టు తిప్పిన సంగతి అంతకన్నా ఎక్కువగా గుర్తొచ్చింది. నా సరదాకు ఆమె బతుకులో మూడు రోజులు తీసుకున్నాను.

"దిగు మేడం," అన్నాను. "ఈరోజే ఐపోతాది."

మళ్ళీ అంతా విప్పాను. ఈసారి చేతులు అబద్ధం ఆడలేదు. వంపును కుడికి, నడిపేవాళ్ళ వైపుకు తిప్పాను. కేబుళ్ళు బిగించేటప్పుడు రాడ్డు కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. ఆమె పట్టుకుంది. జారిపోతుంటే నేను తొందరలో స్కేలును సందులో అడ్డుచెక్కలాగా దూర్చాను. బోల్టు బిగిసింది. స్కేలు ఫట్‌మని విరిగింది. ఆరంగుళాల ముక్క ఆమె ఒళ్ళో పడింది. మిగతాది కారు కింద గ్రీజులో పడి చీలికలైంది.

"అది మా నాయన చొక్కా కాలర్లు గీసే స్కేలప్పా."

"రేపు కొత్తది తెచ్చిస్తా."

ఆమె గోడ గడియారం చూసింది. "నాలుగు రోజుల పని గంటన్నరలో ఐపాయె."

"చెయ్యంగ చెయ్యంగ చెయ్యి తిరుగుతాది."

"అవునవును. ఆ బోల్టు నీకు బాగా అలవాటైంది."

ఆ సాయంత్రం నుంచి ఆమె నన్ను భాయ్ అనడం మానేసింది. వేరే ఏమీ అనడం కూడా మొదలుపెట్టలేదు. నేను అది గమనించాను. రేకుల అవతల నుంచి హనుమేష్ కూడా గమనించాడు.

నాలుగో రోజు ఆమెతో పీరా సాబ్ వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. నేరుగా పోయి కారు ఎడమ సీట్లో కూర్చుని, ఆరంగుళాల స్కేలు ముక్కను మోకాలి పక్కన నిలబెట్టాడు. శిరీన్ వెనక సీట్లో కూర్చుంది.

"నడుపు," అన్నాడు.

కడప రోడ్డు మీదికి తీశాను. మొదటి గేరు. రెండో గేరు. చెయ్యి స్కేలుకు నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. పీరా సాబ్ వంగి చూశాడు.

"మళ్ళా."

మళ్ళీ వేశాను. అలా పదిసార్లు వేయించాడు. మా ఊరి నాగన్న అరటికాయల ఆటో మమ్మల్ని దాటిపోయింది, మళ్ళీ అరటికాయలు దించి ఎదురుగా తిరిగి కూడా వచ్చింది. మేము ఇంకా రెండో గేరులోనే ఉన్నాం.

ఒకసారి పీరా సాబ్ కావాలనే మోకాలు ఇవతలికి జరిపాడు. అయినా తగల్లేదు.

"ఆపు," అన్నాడు. "కూలి ఎంత?"

"వద్దు మామా."

"ఊరికే చేయించుకునేది మా ఇంట్లో లేదు. ఏం కావాలో అడుగు."

రాత్రంతా దాచుకున్న మాట స్టీరింగ్ పట్టుకుని ఉండగానే బయటికి వచ్చేసింది. "అట్లయితే మా అమ్మ ఫాతిమా బీని రేపు మీ ఇంటికి పంపిస్తా. మాట్లాడనియ్యండి."

అద్దంలో శిరీన్ ముఖం చూడాలని ఉంది. చూడలేదు.

పీరా సాబ్ స్కేలు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది విరగ్గొట్టింది నువ్వేనా?"

"నేనే మామా."

"ఏమ్మా, వీడు ఇట్ల అడుగుతాండాడు. నీ మాట ఏంది?"

వెనక నుంచి చాలా మామూలుగా జవాబు వచ్చింది. "స్కేలు బాకీ ఉండాడు నాయనా. బాకీ ఉన్నోణ్ణి ఎట్ల వదిలేది?"

పీరా సాబ్ గెడ్డం గోక్కున్నాడు. "నా కూతురికీ మగోళ్ళ చేతికీ ఎంత దూరం ఉండాల్నో ఊర్లో అందరూ మాట్లాడినారు. కొలిచినోడివి నువ్వొక్కడివే. పంపీ మీ అమ్మను."

బోర్డు దిగలేదు. ఇప్పుడు శిరీన్ దగ్గర రెండు కార్లున్నాయి. రెంటికీ పొట్టి రాడ్లే. రెండోది నేను రెండున్నర గంటల్లో బిగించాను.

స్కేలు మాత్రం ఇవ్వలేదు. మొదట ప్లాస్టిక్ది తెచ్చాను. "మా నాయనది చెక్కది," అని తిప్పి పంపింది. స్టీలుది తెచ్చాను. తలుపు దగ్గర నుంచే వెనక్కి పంపింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, షెడ్డు, లోకం. ఎప్పుడు మాట మీద మాట వచ్చినా, "ముందు నా స్కేలు ఇయ్యి," అనేది. నేను షెడ్డుకు బయల్దేరేవాణ్ణి.

ఈ రంజాన్‌లో నా సందేహాన్ని మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గర పెట్టాను. ఆయన అంతా విని, "ఎవురికి చెప్పినావో వాళ్ళ దగ్గర ఒప్పుకున్నావా?" అన్నారు.

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతాండావు? ఇంటికి పో."

తర్వాతి వారం బనగానపల్లెలో ఒక బండి చూడటానికి పోయాను. అక్కడ వడ్రంగి చంద్ర దగ్గర మామిడి చెక్కతో పన్నెండంగుళాల స్కేలు చేయించాను. గీతలన్నీ నేనే దగ్గర కూర్చుని పెట్టించాను.

ఇంటికి వచ్చి దాన్ని శిరీన్ ముందు పెట్టి, చెప్పేశాను. "ఆ పొద్దు నాలుగు రోజులని అబద్ధం చెప్పినా. అది మూడు గంటల పని. నన్ను మాఫీ చెయ్యి."

ఆమె స్కేలు తీసుకోలేదు. లేచి లోపలికి పోయి డ్రైవింగ్ స్కూల్ ఫైలు తెచ్చింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చింది. రాడ్డు బొమ్మ. వంపు నడిపేవాళ్ళ వైపు ఉండాలని బాణం గుర్తు. పక్కన చిన్న గడియారం బొమ్మ. రెండున్నర గంటలు.

"పెట్టెలో కాగితం లేదంటివే," అన్నాను.

"అంటి. ఇంటి కాడే చదువుకొని వస్తి. నువ్వు నాలుగు రోజులంటివి. కాగితం చూపిస్తే మొదటి రోజే నువ్వు అబద్ధాలోడివి అవుతావు కదా. ఎందుకులే అనుకుంటి."

"ఈ కాగితం ఇచ్చింటే నేను తిరగేసి బిగించే పనే లేదు కదా. నువ్వు ఏడ్చే పనీ లేదు."

"ఆ పొద్దు ఏడ్చింది సగం దానికే. నా మీద నాకే కోపం." నా చేతిలోంచి కాగితం తీసుకుని మడత పెట్టింది. "నీది పెద్ద అబద్ధమో నాదో, పోయి హజ్రత్‌ను అడుగు."

నేను పోలేదు. కొన్ని సందేహాలు ఉన్నచోటే బాగుంటాయేమో.

"చెయ్యి చాపు," అంది.

చాపాను. కొత్త స్కేలుతో కణుపుల మీద మెల్లగా ఒక్కటి కొట్టింది. తర్వాత కారు డోరు అరలో దాచుకున్న ఆ పాత ఆరంగుళాల ముక్క తెచ్చి, కొత్తదాని పక్కన పెట్టి, గీతకు గీత చూసుకుంది.

"సరిపోయింది," అని రెంటినీ కలిపి లోపల పెట్టుకుంది.