సర్వీసుకు వెళ్ళొచ్చిన నల్ల కారు

ఉదయం తొమ్మిదిన్నరకు షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: కుదుపుతో నడుస్తున్న ఒక నల్ల కారు, ఒక స్పానర్ల సంచీ, నలభై అయిదు నిమిషాల టైము. లేనిది ఒక్కటే, పైవాళ్ళ అనుమతి.

షావుకారు అనేది కోడ్ పేరు. పదహారేళ్ళుగా అతను పైకి కార్ల స్పేర్ పార్టులు అమ్మే వ్యాపారి, లోపల ఇంటెలిజెన్స్ ఏజెంటు. ఈ రోజు మెకానిక్ వేషంలో, నూనె మరకల నీలం డ్రెస్సులో, క్షిపణి పరిశోధన సంస్థ గ్యారేజీలో నిలబడ్డాడు.

చెవిలోని ఇయర్‌పీస్ పలికింది. చీఫ్.

"వాన వెలిసిందా?"

"వెలిసింది. గొడుగు ఇంకా మడవలేదు."

"మడిచేయ్. డైరెక్టర్ గారు పదింబావుకి బయల్దేరాలి. ఆమె వేలిముద్ర పడకపోతే పదకొండింటికి క్షిపణి లేవదు. ఆమెను దారిలో చంపుతారని మన ఇన్‌ఫార్మర్ చెప్పింది. దారి పొడవునా మనవాళ్ళున్నారు. బండిని బాంబ్ స్క్వాడ్ చూసేసింది. నువ్వు షాపుకి పో."

"బండి కుదుపుతోంది చీఫ్."

"బుల్లెట్‌ప్రూఫ్ బండి మనకున్నది అదొక్కటే. కుదిపితే సర్దుకుంటారు."

"మొన్నటిదాకా లేని కుదుపు. నిన్న సర్వీసుకి వెళ్ళొచ్చాకే మొదలైంది."

"ఇది ఆర్డర్."

షావుకారు ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆర్డర్లు చాలా చూశాడు. వాటిలో సగం, సరుకు చూడకుండా ఇచ్చినవే.

అతని లెక్క తేలికైనది. బాగున్న బండి సర్వీసు తర్వాత చెడిందంటే, సర్వీసులో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే వెతకాలి. చెయ్యి పడని చోట వెతకడం టైం దండగ.

"బాబాయ్, నిన్న ఏమేం మార్చారు?" అని అడిగాడు.

డ్రైవర్ పెద్దవాడు. మొహం మాడ్చుకుని బానెట్ పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు. అంతే. పదకొండేళ్ళుగా తోలుతున్నా బాబూ, ఇది గొంతు సవరించుకుంటే చాలు నాకు అర్థమవుతుంది. నిన్నటి నుంచి దగ్గుతోంది. చెబితే, నాకే చెవుడొచ్చిందంటున్నారు."

"పెట్రోల్ బాగోలేదండీ."

ఇద్దరూ తిరిగి చూశారు. ఎర్ర కళ్ళజోడు వచ్చింది; ఏజెంట్ల మధ్య ఆమెకదే పేరు. సర్వీస్ సెంటర్ మేనేజరు, డైరెక్టర్‌ని చంపాలని చూస్తున్న విదేశీ ముఠాలో మన ఇన్‌ఫార్మరు. దారిలో దాడి జరుగుతుందన్న కబురు తెచ్చింది ఆమే. బూడిదరంగు సూటు, వెనక సన్నటి సెంటు వాసన. ఆమె నడిచొస్తుంటే గార్డులు ఐడీ కార్డు అడగడం మరిచిపోయారు.

"పెట్రోల్ అంటారా మేడం?" అన్నాడు షావుకారు వినయంగా.

"నేనే దగ్గరుండి చేయించాను. ఇక విప్పకండి, టైముకి బయల్దేరనివ్వండి."

"బాబాయ్, పెట్రోల్ ఎప్పుడు కొట్టించావు?"

"నాలుగు రోజులైంది. అదే పెట్రోల్‌తో మొన్న నూట ఇరవైలో తీసుకెళ్ళా. వెన్నలా పోయింది."

పెట్రోల్ మాట కొట్టివేశాడు షావుకారు. స్కానర్ తగిలించాడు. స్క్రీన్ మీద ఒక్క లైను వచ్చింది: ఇంజిన్‌లోకి లెక్కకు మించి గాలి వెళుతోంది. అంటే ఎక్కడో సందుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పాడు, సరిగ్గానే కూర్చుంది. ప్లగ్గులు బిగువుగా ఉన్నాయి. రబ్బరు గొట్టాల మీద సబ్బు నీళ్ళు చల్లాడు. సందుంటే ఇంజిన్ తీరు మారాలి, మారలేదు.

పదీ పదిహేను. డైరెక్టర్ గారు స్వయంగా గ్యారేజీలోకి వచ్చారు. పొట్టి జుట్టు, చేతిలో ఫైలు.

"బండి ఇవ్వవయ్యా."

"ఇవ్వనండి."

ఆమె కళ్ళు చిట్లించారు. "నువ్వెవరు నాకు ఇవ్వకపోవడానికి?"

"మెకానిక్‌నండి. లోపం తేలని బండి మీ కింద పెట్టను. నన్ను జైల్లో వేయించండి, తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది."

"మేడం, ఇతను కావాలనే ఆలస్యం చేస్తున్నాడు. గార్డుల్ని పిలవండి," అంది ఎర్ర కళ్ళజోడు.

డైరెక్టర్ గారు షావుకారు చేతుల వంక చూశారు. "రాకెట్ దగ్గర కూడా ఒకడు ఇలాగే అడ్డం నిలబడ్డాడు ఒకసారి. వాడిదే కరెక్టయింది. పది నిమిషాలిస్తాను."

పదీ ఇరవై మూడుకి ఎర్ర కళ్ళజోడు వాచీ చూసుకుంది. మరో నిమిషానికి మళ్ళీ చూసుకుంది. ఇంతసేపూ బండిని తరమాలని తొందరపడిన మనిషి, ఇప్పుడు తాను వెళ్ళాలని తొందరపడుతోంది. "నాకు మీటింగ్ ఉంది," అని బయట ఆపిన తన కారు వైపు కదిలింది. షావుకారు డ్రైవర్ చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. డ్రైవర్ పక్క గుమ్మంలోంచి ఆమెకంటే ముందే బయటపడ్డాడు.

ఆయిల్ ఫిల్టర్‌కి గాలితో పని లేదు. ఇక చెయ్యి పడిన చోటు ఒక్కటే మిగిలింది: ఇంజిన్ ఆయిల్ పోసే మూత. ఇంజిన్ నడుస్తుండగా ఆ మూత తీస్తే, ఈ రకం బండి లోపలికి గాలి పీల్చుకుని తడబడాలి. తడబడితే మూత మంచిదన్నట్టు.

షావుకారు మూత తిప్పి పైకెత్తాడు.

ఇంజిన్ అదే దగ్గు దగ్గుతోంది. మూత ఉన్నా లేకున్నా తేడా లేదు. అంటే నిన్నటి నుంచీ ఆ మూత సరిగా కూర్చోనే లేదు.

చేతిలోకి తీసుకున్నాడు. ఇలాంటి మూతలు వేలకు వేలు అమ్మిన అరచెయ్యి అది. దీని బరువు మూడింతలుంది. బోర్లించాడు. నూనె జిడ్డు కింద ఒక చిన్న గాజు కన్ను, అందులో సెకన్ల అంకెలు దిగుతున్నాయి. ఇరవై ఆరు. ఇరవై అయిదు.

బాంబులు తెలిసినవాడెవడో చేశాడు, పనితనం బాగుంది. బండ్లు తెలియనివాడు కావడంతో రబ్బరు వాషర్‌కి చోటు వదల్లేదు. పొద్దున తనిఖీలో పోలీసు కుక్క నూనె వాసనకి ముఖం తిప్పుకుంది, స్క్వాడు అద్దాలతో బండి కిందే చూసింది.

"మేడం, పడుకోండి."

డైరెక్టర్ గారు ఫైలు నెత్తిన పెట్టుకుని గోడ వెనక పడుకున్నారు. షావుకారు మూతను గ్యారేజీ అవతలి మూలన, బండ్ల కింద పనిచేసే గోతిలోకి వదిలాడు. మంటలార్పే ఇసుక బకెట్లు నాలుగు దాని మీద కుమ్మరించాడు. అయిదోది ఎత్తుతుండగా ఒకటి దగ్గర ఉండాలి అంకె. బకెట్‌తో సహా వెనక్కి దూకాడు.

గొయ్యి గర్జించింది. పైకప్పు దాకా ఇసుక లేచింది. కిటికీ అద్దాలన్నీ రాలాయి.

బయట ఎర్ర కళ్ళజోడు తన కారు తాళం తిప్పుతోంది. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. డ్రైవర్ కిటికీ దగ్గరికి వంగాడు. అతని చేతిలో, ఆమె బండిలోంచి పీకిన ఫ్యూజు ఉంది.

"పెట్రోల్ బాగోలేదేమోనమ్మా."

గార్డులు ఈసారి ఐడీ కార్డు అడిగారు.

షావుకారు ఇసుక దులుపుకుని షెల్ఫ్‌లోంచి కొత్త మూత తీసి బిగించాడు. నల్ల కారు ఒక్కసారి ఊపిరి తీసుకుని నిశ్శబ్దంగా తిరగసాగింది. డ్రైవర్ బానెట్ మీద చెయ్యి వేసి, "ఇదీ దీని గొంతు," అన్నాడు. పదకొండింటికి రెండు నిమిషాల ముందు డైరెక్టర్ గారి వేలిముద్ర పడింది. క్షిపణి లేచింది.

వారం తిరిగేసరికి లెక్క ఇలా తేలింది. ఒక ప్రాణం దక్కింది. ఎర్ర కళ్ళజోడు నోరు విప్పడంతో ముఠాలో తొమ్మిదిమంది చిక్కారు; దారిలో దాడి అన్న కబురు, అందరి చూపూ బండి మీంచి మళ్ళించడానికేనని తేలింది. డ్రైవర్‌కి చెవుడు లేదని రాతపూర్వకంగా తేలింది. షావుకారు ఎడమ చెవిలో మాత్రం హోరు మిగిలింది. ఆర్డర్ మీరినందుకు సంజాయిషీ అడిగిన చీఫ్, ఆ కాగితం మీద సంతకం చేశాక కూడా కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేమైనా ఉందా చీఫ్?"

"మా ఆవిడ కారు," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "మొన్న సర్వీసు చేయించాం. అప్పటి నుంచి కొంచెం కుదుపుతోంది."