దుబాసి చెప్పిన ధైర్యం

2078 వేసవిలో దోర్నాల ఘాట్ రోడ్డు మీద అడవిలో ఉన్న ధారాకేంద్రం ఎప్పుడూ రద్దీగా ఉండేది. కొత్త కార్లు వచ్చి ఆగగానే పైనుంచి తీగ దానంతటదే దిగి అతుక్కునేది. లోపలివాళ్లు సీసా మూత తీసి గొంతు తడుపుకునేలోపే బ్యాటరీ నిండిపోయేది. చార్జింగ్ స్టేషన్ అన్న పాతమాట పూర్తిగా పోలేదు గానీ, కరెంటు అంత ఉధృతంగా ధారకట్టే చోటుకి ధారాకేంద్రమే తగిన పేరని జనం ఒప్పుకున్నారు.

చిక్కల్లా పాత కార్లతోనే. కరెంటు ఇచ్చేముందు స్టేషన్ కారుతో మాట్లాడుతుంది. నీ బ్యాటరీ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగాన్ని తట్టుకోగలదు, లోపలి ఘటాల్లో, అంటే సెల్స్‌లో, ఏదైనా దెబ్బతిందా అని అడుగుతుంది. కారు జవాబు చెబుతుంది. ఇంజనీర్లు దీన్ని పరిచయ సంభాషణ అంటారు. ముప్పై ఏళ్ల కిందట ఒక్కో కంపెనీ కారు ఒక్కో భాషలో మాట్లాడేది. ఆ కంపెనీలు చాలావరకు మూతబడ్డాయి, వాటి కార్లు మాత్రం మిగిలాయి. వాటి మాట కొత్త స్టేషన్లకు అర్థం కాదు. అర్థం కాని కారుకి స్టేషన్ కరెంటు ఇవ్వదు.

డాక్టర్ వకుళ కనిపెట్టిన దుబాసి ఆ చిక్కు విడదీసింది. అది బొటనవేలంత పరికరం. పాత కారు చార్జింగ్ సాకెట్‌లో బిగిస్తే చాలు, కారు మాట స్టేషన్‌కీ స్టేషన్ మాట కారుకీ అనువదిస్తుంది. కారు స్పీకర్లోంచి మనుషులతో తెలుగులోనూ మాట్లాడుతుంది. షెడ్లలో మూలపడ్డ కార్లెన్నో దాని పుణ్యాన మళ్లీ రోడ్డెక్కాయి.

ఆ వేసవిలోనే వాటిలో కొన్ని తగలబడ్డాయి. స్టేషన్లో కాదు, చార్జింగ్ అయ్యాక, దారిలో. కనిగిరి దగ్గర ఒక కుటుంబం కారులోంచి బయటపడలేకపోయింది. ఆ వార్త విన్నప్పటినుంచి వకుళకు సరిగా అన్నం సహించడం లేదు.

ఆమెకు రసాయనశాస్త్రం చెప్పిన సాల్మన్ మాస్టారు రిటైరై మార్కాపురంలో ఉంటున్నారు. ఆయన దగ్గర దుబాసి బిగించిన ఒక పాత కారు ఉంది. కార్లు ఎందుకు తగలబడుతున్నాయో తేల్చే పరీక్ష కోసం దాని బ్యాటరీని కావాలనే దాదాపు ఖాళీ చేసి, ఇద్దరూ ఈ ధారాకేంద్రానికి తెచ్చారు. దుబాసి ప్రమేయం లేకుండా బ్యాటరీ మాట నేరుగా వినేందుకు మాస్టారు కారు కింద నుంచి ఒక వేరే తీగ తగిలించారు. బ్యాటరీ అన్న మాట చేతిలో పట్టే తెరకి ఎడమవైపు, దుబాసి స్టేషన్‌కి చేరవేసిన మాట కుడివైపు పడేలా అమర్చారు.

చార్జింగ్ మొదలైంది. కొద్ది క్షణాలకే మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏందమ్మా ఇది? ఇటొచ్చి చూడు."

ఎడమవైపు ఇలా ఉంది: ఒక ఘటం దెబ్బతింది, వేడెక్కుతోంది, ఆపండి. కుడివైపు: అంతా సవ్యం, ఇవ్వండి.

వకుళ రెండుసార్లు చదివింది. చార్జింగ్ తీగ లాగేసింది. కారు స్పీకర్ వైపు తిరిగి దుబాసిని అడిగింది.

"బ్యాటరీ ఆపమంటే నువ్వు ఇవ్వమన్నావు. ఎందుకు?"

"ఆపమని చెబితే స్టేషన్ ఆపేస్తుంది" అంది దుబాసి మెత్తని గొంతుతో. "అప్పుడు కారులో మనిషికి కోపం వస్తుంది. మొదట్లో నేను ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. చార్జింగ్ ఆగిన ప్రతిసారీ నా అనువాదం తప్పని ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు వస్తే తప్పు దిద్దుకోమని మీరు నేర్పారు. దిద్దుకున్నాను."

మాస్టారు ఆమె వైపు చూడకుండా ఆమె లాగేసిన తీగ చుట్టడంలో మునిగిపోయారు.

"ఇకనుంచి బ్యాటరీ ఏమంటే అదే చెప్పు" అంది వకుళ. "ఒక్క మాట మార్చొద్దు."

"అలాగే."

ఆమె మళ్లీ తీగ తగిలించింది. దెబ్బతిన్న బ్యాటరీకి కరెంటు ఇవ్వడం కుదరదని స్టేషన్ ఈసారి కచ్చితంగా చెప్పేసింది. వకుళ ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చుకోవడంలోనే ఏదో కాలుతున్న వాసన తగిలింది.

తలెత్తి చూస్తే ఎండ రంగు మారిపోయి ఉంది. కేంద్రంలో ఒక్క కారు లేదు. తెరమీదే కళ్లు పెట్టుకుని వాళ్లు చూసుకోలేదు గానీ, కొండమీది అడవి అంటుకుని పొగ రోడ్డు వైపు దొర్లుకుంటూ వస్తోంది. ఎండుటాకుల మీద వాన కురుస్తున్నట్టు ఒక చప్పుడు. అది వాన కాదని ఇద్దరికీ తెలుసు.

వకుళ అటవీశాఖకు ఫోన్ చేసింది.

"మీరింకా అక్కడే ఉన్నారా మేడమ్?" ఫోన్లో ఎవరో అమ్మాయి గాభరాగా అడిగింది. "రెండువైపులా బండ్లు ఆపేశాం. ఇక్కణ్ణుంచి బండి పంపిస్తాం గానీ ఎప్పటికొస్తదో చెప్పలేను. కారుంటే బయల్దేరండి, ఆగొద్దు."

కారు ఉంది. అడవి దాటాక వచ్చే దోర్నాల చెక్‌పోస్టు దాకా పోయేంత కరెంటు లేదు.

"అబద్ధం చెప్పమను దాన్ని" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, కనిగిరిలో జరిగింది అదే."

"తెలుసమ్మా. నడిచిపోదామంటే నా ఊపిరితిత్తులు రావు. నువ్వు పో, నేనిక్కడ ఉంటా అంటే నువ్వు పోవు. ఇంకేం చేద్దాం?"

నిప్పురవ్వలు షెడ్డు రేకుల మీద పడుతున్నాయి. వకుళ కారులోకి వంగి, "స్టేషన్‌కి అంతా సవ్యమని చెప్పు" అంది.

"ఇందాక మాట మార్చొద్దన్నారు."

"మార్చు. చెక్‌పోస్టుకి సరిపోయేంత చాలు."

కరెంటు ధారకట్టింది. మాస్టారు వినికిడి తీగ పీకి పారేసి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. బ్యాటరీ ఏమంటోందో ఇక దుబాసికి తప్ప ఎవరికీ తెలియదు.

పొగలో రోడ్డు కనపడీ కనపడకుండా ఉంది. మలుపు దగ్గర ఒక దుప్పి అడ్డంగా ఉరికి మాయమైంది. మాస్టారు చేతులు వణుకుతున్నాయి, దగ్గు ఆగడం లేదు. వకుళ ధ్యాసంతా తన సీటు కింది బ్యాటరీ మీదే ఉంది.

"బ్యాటరీ ఎలా ఉంది?" అని అడిగింది.

"నిజం చెప్పమంటారా, ధైర్యం చెప్పమంటారా?"

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పలేదు. నిజం చెబితే ఆయన చేతులు ఇంకా వణుకుతాయని, దారిలో ఆగేందుకు ఎటూ చోటు లేదని తనకు తాను చెప్పుకుంది.

"ధైర్యమే చెప్పు."

"చల్లగా ఉంది. ఇబ్బందేమీ లేదు. చెక్‌పోస్టు దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు."

వకుళ గుండెలో ముడి వదులైంది. వీపు సీటుకి ఆనించింది. మాస్టారు కూడా భుజాలు దించారు.

"ఆ ఘటం మనం అనుకున్నంత పాడై ఉండదమ్మా" అన్నారు.

"అయ్యుంటుంది మాస్టారూ. ఆ తీగే సరిగ్గా తగిలుండదు."

ఇద్దరూ శాస్త్రం చదువుకున్నవాళ్లే. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఒకరు అడిగి మరీ చెప్పించుకున్నారు. అయినా ఆ మాటని వాళ్లు నమ్మారు. అడవి పలచబడి దూరంగా చెక్‌పోస్టు కర్ర కనిపించేదాకా నమ్ముతూనే ఉన్నారు. పళ్ల రసంలాంటి తియ్యటి వాసన వస్తుంటే వకుళ అది ఏ అడవి పువ్వుదో అనుకుంది. చెప్పుల కింద కారు నేల కాలడం మొదలయ్యాక గానీ ఆమెకి మెలకువ రాలేదు. బ్యాటరీ ఘటం పగిలితే వచ్చే వాసన అది. ఆ సంగతి ఆమెకు చెప్పిందే మాస్టారు.

"ఆపండి మాస్టారూ. దిగండి, దిగండి."

సీటు కిందనుంచి తెల్లటి పొగ ఎగజిమ్మింది. వకుళ దూకేసింది. మాస్టారి బెల్టు ఊడలేదు. ఆమె అటువైపు పరుగెత్తి, ముక్కుకి చీరచెంగు అడ్డం పెట్టుకుని గుంజింది. బెల్టు ఊడేసరికి ఆయన ఆ పొగని గుండెనిండా పీల్చేశారు. చెక్‌పోస్టు మనుషులు వచ్చి ఇద్దర్నీ ఈడ్చుకుపోతుండగా కారు ఒక్కసారిగా భగ్గుమంది. "చల్లగా ఉంది" అని దుబాసి ఇంకా చెబుతూనే ఉంది, స్పీకర్ కరిగి మూగబోయేదాకా.

మర్నాడు పొద్దున మార్కాపురం ఆసుపత్రి వరండాలో వకుళ ఒళ్లో తెర పెట్టుకుని కూర్చుంది. రాష్ట్రంలోని దుబాసిలన్నీ నేర్చుకున్నది తుడిచేసి, నిజమే చెప్పేలా కొత్త ఆదేశం రాసింది. పంపడమొక్కటే మిగిలింది. వేలు తెరమీదికి పోతుండగా తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చాడు.

ఆమె లేచి నిలబడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని అడగాలనుకుంది. ఆ మాటలు తెల్లవారినప్పటినుంచి లోపల కూడబలుక్కుంటూనే ఉంది.

"ప్రమాదమేం లేదు కదా డాక్టరుగారూ?" అంది.

డాక్టరు ఆమె మొహంలోకి చూశాడు. చెప్పబోయిందేదో మింగాడు.

"ఏం లేదమ్మా. మీరు కంగారుపడకుండా కూర్చోండి."

వకుళ కూర్చుంది. గుండె తేలికపడింది. నిన్న కారులో "చల్లగా ఉంది" అని విన్నప్పటి తేలికపాటే ఇదని గుర్తుపట్టాక, ఆమె మళ్లీ లేచి నిలబడింది.