మైలుకొక మనిషి

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఇడ్లీలు తిని ముగ్గురూ జీపెక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. వనజ తాగునీటి సొరంగం చూసుకునే ఇంజినీరు. ఉప్పలయ్య మేస్త్రీ. ఒకప్పుడు కల్లు గీయడానికి తాటిచెట్లెక్కినవాడు. ఇప్పటికీ నడుముకు గీత కత్తి లేనిదే గడప దాటడు. బాలరాజు అతని తమ్ముడి కొడుకు, ఈ మధ్యే పనిలో చేరాడు. మర్కూక్ అవతల సొరంగానికి నీళ్లు ఆపారు. లోపలికి దిగి గోడలు చూసి రావాలి. ఒక్క పూట పని.

వాలులో దిగుతుంటే వెనక వెలుతురు చిన్నదై, చిన్నదై, ఒక మలుపు దగ్గర ఆరిపోయింది. ఇక టోపీల మీది దీపాలే దిక్కు. పాచి వాసన, తడి సిమెంటు వాసన. వాటి అడుగున ఇంకేదో... మనుషుల చెమట లాంటిది.

వనజకు అమెరికా నగరాల కట్టడాల చరిత్ర అంటే పిచ్చి. ఏ వంతెన ఎట్లా లేచింది, ఏ ఊరి కింద మురుగుకాలువ ఎప్పుడు పడింది, ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేది. ఆ రోజు నడుస్తూ న్యూయార్క్ సంగతి ఎత్తుకుంది.

"ఆ ఊరి నీళ్ల కోసం భూమిల వందల అడుగుల కింద సొరంగం తవ్విన్రు బాలరాజూ. ఏండ్లకేండ్లు తవ్విన్రు. రాళ్లు పడి, మందుగుండు పేలి మస్తుమంది పోయిన్రు. మైలుకొక మనిషి అని అక్కడి కూలీలే అనుకునేటోళ్లట."

"మరి గీడనో మేడం?" అన్నాడు బాలరాజు నవ్వుతూ.

జవాబు ఉప్పలయ్య ఇచ్చాడు, గొంతు తగ్గించి. "ఇది తవ్వేటప్పుడు కప్పు కూలిన్నాడు అందర్ని తియ్యలేదంటరు. ఒడిశా పోరగాండ్లు. మీదికెల్లే సిమెంటు పోసిన్రంట."

ఆ మాట వనజ ఎన్నడూ వినలేదు. గోడ వైపు దీపం తిప్పింది. వెనక ఊరే నీళ్లు బయటికి రావడానికి గోడ పొడుగునా రంధ్రాలు వదిలారు, ఒక్కోటి చెయ్యి పట్టేంత. అందులో ఒకటి బురదతో పూడిపోయి ఉంది. బాలరాజు చొక్కా చెయ్యి పైకి మడిచి, బురద తీయడానికి మోచేతి దాకా లోపలికి పెట్టాడు.

"మెత్తగ తగుల్తుంది మేడం... బట్ట లెక్క."

అతని నవ్వు సగంలో ఆగింది.

"పెద్దనాయినా... చెయ్యి పట్టుకున్నరు."

"ఎవలురా?"

ఒక్క గుంజు. బాలరాజు మొహం గోడకు కొట్టుకుంది. పళ్లు విరిగి నేల మీద రాలాయి. మళ్లీ గుంజు. టోపీ పగిలింది, దీపం ఆరింది. వనజ అతని నడుము పట్టి వెనక్కి లాగింది, ఉప్పలయ్య భుజం పట్టాడు. ముగ్గురూ కలిసి గోడ వైపే జారుతున్నారు. భుజం కింద ఎముక ఎండుకట్టె లాగా ఫెళ్లుమంది. బాలరాజు కేక సొరంగమంతా తిరిగి, తిరిగి వాళ్ల మీదికే వచ్చింది.

మళ్లీ గుంజు. ఈసారి తల. గోడ మీద నెత్తురు.

ఇంకో రెండు దెబ్బలకు పుర్రె నిలవదని వనజకు అర్థమైంది. చున్నీ లాగి అతని జబ్బకు బిగించి ముడేసింది. భుజానికీ గోడకూ మధ్య బెత్తెడు జాగ మిగిలింది.

"కత్తి తియ్యి," అంది.

"వాడు నా తమ్ముని కొడుకు మేడం..."

"కొయ్యి ఉప్పలయ్యా! లేకుంటె మొత్తం పోతడు!"

ఉప్పలయ్య ఏడుస్తూనే కోశాడు. ఎముక ముందే విరిగింది. కత్తికి కండే అడ్డం. వేడి నెత్తురు వనజ కళ్లల్లో చిమ్మింది. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. తెగిన చెయ్యి సర్రున రంధ్రంలోకి పోయింది.

నిశ్శబ్దం.

తర్వాత... ఠక్. ఠక్. గోడ వెనక. ముందు రంధ్రంలో, వెనక రంధ్రంలో, ఎదుటి గోడలో. ఉప్పలయ్య పిల్లవాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. వాళ్లు ఎటు పోతే అటు, రంధ్రాల్లోంచి బురద పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది. లోపలి నుంచి ఎవరో తవ్వుతున్నారు.

సిద్దిపేట దవాఖానలో బాలరాజు బతికాడు. ఆ గోడను పగలగొట్టి చూస్తే వెనక అంతా ఒకే రాయి. చెయ్యి దొరకలేదు.

అతనికి తెలివి వచ్చిన సాయంత్రం వనజ చూడబోయింది. ఉప్పలయ్య అతని మిగిలిన చేతిని పట్టుకుని కూర్చున్నాడు.

"నన్ను సంపాలని గుంజలే మేడం," అన్నాడు బాలరాజు, మెల్లగా. "బయటికి రావాలని గుంజిన్రు."

"పండుకో బాలరాజూ."

"ఇంకా చెయ్యి ఇడ్వలే. పోయిన చేతి ఏళ్లు నొస్తున్నయి."

లేని చెయ్యి కొన్నాళ్లు నొప్పి పుడుతుందని వనజ విన్నది. అదే చెప్పబోయింది. అంతలో కట్టు కట్టిన మొండిచెయ్యి దుప్పటి మీది నుంచి తనంత తాను లేచింది. గోడ వైపు చాచుకుని బిర్రుగా నిలిచింది.

ఉప్పలయ్య రెండో చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఇనుప మంచం నేలను గీరుకుంటూ గోడ వైపు జానెడు జరిగింది.